ఆత్మహత్యల వార్తలు: వ్రాయువారి ధర్మము, చదువువారి ధర్మము

ప్రతి ఉదయమును పత్రిక గ్రామమునకు వచ్చును. టీకొట్టు ముందరి బల్లమీద కూర్చుండి ఒకరు పైకి చదువుచుండగా నలుగురు విందురు. ప్రభుత్వ నిర్ణయములు, పంటల ధరలు, సినిమా కబుర్లు అయిన పిమ్మట జిల్లా పుటలో ఒక మూల నాలుగు పంక్తుల వార్త కనబడును: “అప్పుల బాధ తాళలేక రైతు ఆత్మహత్య.” చదివినవారు “అయ్యో పాపము” అందురు, పుట త్రిప్పుదురు.

ఆ బల్ల చివర ఏమియు మాటాడక వినుచున్నవాడొకడు ఉండవచ్చును. అతనికిని అప్పు కలదు. కొన్ని రాత్రులుగా అతనికి నిద్ర లేదు. ఇంటిలో ఎవరితోను మనసు విప్పి చెప్పుకొనలేదు. ఆ నాలుగు పంక్తులు మిగిలినవారికి ఒక వార్త. అతనికి మాత్రము తన కథకు ఎవరో ముందుగా వ్రాసిపెట్టిన ముగింపువలె తోచును. ఆ ఒక్కని దృష్టిలో నుంచుకొని ఈ పాఠము వ్రాయబడినది.

ఈ విషయము చిన్నది కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశములో 1,70,924 మంది ఆత్మహత్యతో మరణించిరి. వారిలో 13,044 మంది విద్యార్థులు. లక్ష జనాభాకు దేశపు సగటు 12.4 కాగా, తెలంగాణ రాష్ట్రములో అది రెండింతలకు మించియున్నది. ఇన్ని మరణములకు పత్రికలే కారణమని ఎవరును అనరు. పేదరికము, అప్పు, వ్యాధి, మద్యపానము, కుటుంబ కలహములు, మనోవ్యాధులు ఇట్లు ఎన్నియో కారణములు కలిసి మనిషిని క్రుంగదీయును. అయినను క్రుంగినవాడు ఏ దారి త్రొక్కుననుదానిపై అతడు చదివిన వార్తకు, వినిన మాటకు కొంత అధికారము కలదని శాస్త్రజ్ఞులు ఏబది సంవత్సరములుగా పరిశోధించి తెలిసికొనిరి.

వార్తకు అంటు గుణము కలదా?

1774లో జర్మనీ దేశపు మహాకవి గోథే ఒక నవల వ్రాసెను. ప్రేమలో ఆశాభంగము పొందిన వెర్థరు అను యువకుడు అందు ప్రాణము తీసికొనును. ఆ నవల ప్రచారములోనికి వచ్చిన పిమ్మట యువకులు కొందరు అతనివలె వేషము ధరించి, అతనివలెనే మరణించిరని జనులు చెప్పుకొనిరి. లైప్‌జిగ్ మొదలగు చోట్ల అధికారులు పుస్తకమును నిషేధించిరి. రెండువందల సంవత్సరముల తరువాత, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అను అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఈ సంగతిని లెక్కలతో పరీక్షించెను. పత్రిక మొదటి పుటలో ఆత్మహత్య వార్త పెద్దదిగ వచ్చిన పిమ్మట దేశములో అట్టి మరణముల సంఖ్య పెరుగుచున్నదని అతడు కనుగొనెను. వార్తకు ప్రచారము ఎంత ఎక్కువో, పెరుగుదల అంత ఎక్కువ. దీనికి అతడు ‘వెర్థరు ప్రభావము’ అని పేరు పెట్టెను.

తరువాత పలు దేశములలో పరిశోధనలు జరిగినవి. వానినెల్ల క్రోడీకరించి 2020లో ప్రకటింపబడిన ఒక సమీక్ష ప్రకారము, ప్రసిద్ధుల ఆత్మహత్య వార్తలు వెలువడిన తరువాతి కాలమున ఆత్మహత్యలు నూటికి పదమూడు వంతున పెరిగినవి. ఆ వార్తలలో మరణించిన పద్ధతి కూడ వ్రాయబడినప్పుడు, అదే పద్ధతిలో మరణించినవారు నూటికి ముప్పది వంతున పెరిగిరి. హాంగ్‌కాంగ్ నగరమున 1998లో ఒక మరణము పత్రికలలో సవివరముగ ప్రచురింపబడెను. అంతకు పూర్వము అచ్చట దాదాపు ఎవ్వరును ఎరుగని ఆ పద్ధతి, కొద్ది సంవత్సరములలో ఆ నగరమందలి ప్రధాన పద్ధతులలో ఒకటి అయ్యెను. ఆ పద్ధతి యేదో ఇచ్చట వ్రాయుట లేదు. వ్రాయకపోయినందున పాఠకునికి కలిగిన నష్టమేమియు లేదని గమనింపుడు.

ఇది ఎట్లు జరుగును? వార్త చదివిన ప్రతివాడును చలించడు. చదివినవారిలో చాలమందికి ఏమియు కాదు. కాని అప్పటికే దుఃఖములో మునిగినవాడు ఆ వార్తలో తన వయస్సు, తన కష్టము, తన కులవృత్తి, తన ఊరివంటి ఊరు చూచుకొనును. ‘నావంటివాడు చేసినది ఇదే’ అను తలంపు కలుగును. పద్ధతి వ్రాసినచో తెలియనిది తెలియును. కారణము ఒక్కటే వ్రాసినచో ఆ కష్టమునకు ఆ ముగింపు సహజమని తోచును. పొగడి వ్రాసినచో బ్రదికియుండగా దొరకని గౌరవము చచ్చిన పిమ్మట దొరకునని భ్రమ కలుగును.

వియన్నా నగరము చెప్పిన పాఠము

వార్త చెరుపు చేయగలదన్నచో, మంచి కూడ చేయగలదా? ఈ ప్రశ్నకు ఆస్ట్రియా రాజధానియగు వియన్నా సమాధానము చెప్పినది. అచ్చట 1978లో భూగర్భ రైలు నడువనారంభించెను. కొన్ని సంవత్సరములకు ఆ మార్గమున ఆత్మహత్యలు పెరుగసాగినవి. పత్రికలు ప్రతి సంఘటనను పెద్ద అక్షరములతో, చిత్రములతో, నాటకమువలె వర్ణించుచుండెను. 1987 జూనులో ఆత్మహత్యల నివారణకు పాటుపడు ఆస్ట్రియా సంఘమువారు పత్రికా సంపాదకులకు కొన్ని సూచనలు వ్రాసి పంపిరి. సంపాదకులు వానిని అంగీకరించిరి. కొందరు వార్తను చిన్నదిగ చేసిరి. కొందరు మొదటి పుటనుండి తొలగించిరి. కొందరు ప్రచురించుటయే మానిరి.

ఆ సంవత్సరము మొదటి ఆరు నెలలతో పోల్చగా తరువాతి ఆరు నెలలలో ఆ రైలు మార్గమున ఆత్మహత్యలును, ఆత్మహత్యా ప్రయత్నములును నూటికి ఎనుబది వంతులకు పైగా తగ్గిపోయినవి. క్రొత్త గోడలు కట్టలేదు. క్రొత్త చట్టము చేయలేదు. వ్రాయు విధము మాత్రమే మారినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో పత్రికలవారికై మార్గదర్శక సూత్రములను ప్రచురించి, వానిని 2008, 2017, 2023 సంవత్సరములలో సవరించుచు వచ్చినది. ఆ సూత్రముల వెనుకనున్న గట్టి నిదర్శనములలో వియన్నా అనుభవము ఒకటి.

ముగ్గురు బాలురు జ్ఞాపకము చేసిన సంగతి

వియన్నాలోనే 1791లో మోజార్టు అను సంగీత విద్వాంసుడు ‘మాయా మురళి’ అను సంగీత నాటకమును ప్రదర్శించెను. అందు పాపగెనో అను పక్షులు పట్టువాడు తన ప్రియురాలు ఇక దొరకదని తలచి చనిపోవ నిశ్చయించును. అంతలో ముగ్గురు బాలురు వచ్చి, అతడు దుఃఖములో మరచిన ఉపాయము నొకదానిని జ్ఞాపకము చేయుదురు. అతడు బ్రదుకును, ప్రియురాలు వచ్చి చేరును.

2010లో ఆస్ట్రియా పరిశోధకులు పత్రికా రచనలను రకములుగ విభజించి పరీక్షించిరి. చావవలెనని తలచియు ఆ తలంపును దాటి బ్రదికినవారి కథలు ప్రచురింపబడిన తరువాత ఆత్మహత్యలు తగ్గుట వారు గమనించి, దీనికి ‘పాపగెనో ప్రభావము’ అని పేరు పెట్టిరి. కావున పత్రికలు మౌనము వహించుట ఒక్కటే మార్గము కాదు. దారి మూసికొనిపోయినదని తలచువానికి దారి చూపు రచనలు ప్రాణములు నిలుపగలవు.

సికిందరాబాదులో వినువారు

ఆ ముగ్గురు బాలురవంటివారు మన సికిందరాబాదులోను కలరు. ఆ నగరమందలి సింధీకాలనీలో ‘రోష్నీ’ అను సంస్థ 1997నుండి పనిచేయుచున్నది. రోష్నీ యనగా వెలుగు. అచ్చట ఫోను నెత్తువారు శిక్షణ పొందిన సామాన్య పౌరులు. జీతము లేక సేవచేయు స్వచ్ఛంద సేవకులు. ఫోను చేసినవారి రహస్యము బయటికి పోదు. సేవకులు నీతులు చెప్పరు, తప్పు పట్టరు, “నీకేమి తక్కువ?” అని మందలింపరు. శ్రద్ధతో విందురు.

వినుట ఒక వైద్యమా అని సందేహము కలుగవచ్చును. 1953లో లండను నగరమున చాడ్ వారా అను మతగురువు దుఃఖితులకొరకు ఒక ఫోను ఏర్పాటు చేసెను. తనతో మాటాడుటకు వచ్చినవారు తమ వంతుకై కాచియుండగా, వారికి టీ ఇచ్చి పలుకరించు సేవకులతో మాటాడియే అనేకులు ఊరట చెందుట అతడు చూచెను. ఆ విధముగ స్నేహపూర్వకముగ వినుటయే ఒక సేవా పద్ధతియై దేశదేశముల వ్యాపించెను. చెన్నైలో 1986లో డాక్టరు లక్ష్మీ విజయకుమారు నెలకొల్పిన ‘స్నేహ’ ఈ మార్గమున నడచునదే, రోష్నీయు అట్టిదే. ప్రభుత్వ పక్షమున 2022 అక్టోబరు 10న ‘టెలీ మానస్’ అను జాతీయ సేవ ప్రారంభింపబడినది. దాని సంఖ్య 14416. రాత్రింబవళ్లు, రుసుము లేకుండ, తెలుగులో మాటాడవచ్చును.

ఇన్ని దారులుండగా వార్త వ్రాయువారు వానిని చూపుచున్నారా? తమిళనాడులో తొమ్మిది ముఖ్య పత్రికలు 2016లో ప్రచురించిన వార్తలను పరిశోధకులు లెక్కించిరి. ఆత్మహత్యలను గూర్చిన 1,681 వార్తలలో నూటికి నలుబది మూడింటియందు పద్ధతి వివరముగ వ్రాయబడినది. సహాయము పొందు ఫోను సంఖ్య ఇచ్చినవి నూటికి రెండున్నర మాత్రమే. గోతిని చూపు చేతులు నలుబది. మెట్లు చూపు చేతులు రెండు.

మన వార్తల భాష

తెలుగు పత్రికలలో కొన్ని మాటలు అచ్చుపోసినట్లు వాడబడుచున్నవి. వానిని ఒక్కొక్కటిగ పరిశీలింతము.

“ఆత్మహత్యకు పాల్పడెను” అని వ్రాయుదురు. చోరీకి పాల్పడెను, మోసమునకు పాల్పడెను అను చోట్ల వాడు క్రియయే ఇది. మరణించినవానిని నేరస్థుల వరుసలో నిలుపుచున్నది. ఇంటివారు తలయెత్తుకొనలేరు, మరియొకడు తన తలంపును బయటపెట్టుటకు సిగ్గుపడును. “ఆత్మహత్యతో మరణించెను” అని వ్రాసినచో విషయము తెలియును, నింద యుండదు.

“ఆత్మహత్యకు విఫలయత్నము” అని వ్రాయుదురు. బ్రదికి బయటపడుట విఫలమగుట యెట్లగును? “ప్రాణాపాయము తప్పినది” అనుట సత్యము, శుభము కూడ.

“కడుపునొప్పి తాళలేక”, “తల్లి మందలించినదని”, “సెల్‌ఫోను కొనియియ్యలేదని”, “అప్పుల బాధతో” అని శీర్షికలోనే కారణము ఒక్కటి తేల్చివేయుదురు. విలేకరి ఈ మాటలను సాధారణముగ పోలీసు ఠాణాలో వ్రాసికొనిన ఫిర్యాదునుండి గ్రహించును. దుఃఖములో మునిగిన బంధువు ఆ క్షణమున తోచినది చెప్పును. ఇంటి గుట్టు కాచుకొనుటకు కడుపునొప్పి అనును. ఆ మాటయే ఠాణా కాగితములోనికి, కాగితమునుండి పత్రికలోనికి ప్రవహించును. 2022 జాతీయ లెక్కలలో నూటికి 31.7 మరణములు కుటుంబ సమస్యల క్రిందను, 18.4 వ్యాధుల క్రిందను చూపబడినవి. మనిషి జీవితము ఒక గడిలో ఇముడునది కాదు. తల్లి మందలించినదని వ్రాసిన పత్రిక ఆ తల్లికి యావజ్జీవ శిక్ష విధించుచున్నదని కూడ మరువరాదు.

“ప్రాణత్యాగము”, “ఆత్మబలిదానము” అని కొన్ని సందర్భములలో పొగడుదురు. 2009 చివరినుండి సాగిన తెలంగాణ ఉద్యమకాలమున అనేకులు యువకులు ప్రాణములు తీసికొనిరి. వారి ఆకాంక్షపట్ల గౌరవము, వారి కుటుంబములపట్ల కనికరము ఉండుట న్యాయమే. అయినను మరణమునే ఘనకార్యముగ చిత్రించిన వ్రాతలు మరియొక యువకుని మనస్సుపై ఎట్టి ముద్ర వేయునో ఆలోచింపవలసియున్నది. ఆ దినములలోనే ఉద్యమ నాయకులు చావవద్దని, బ్రదికి సాధించుకొందమని యువకులను పదేపదే వేడుకొనిరి. ఆ వేడుకోలు పెద్ద అక్షరములలో ముద్రింపదగినది.

2019 ఏప్రిల్: మనము చూచిన ఉదాహరణము

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడినవి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు ఉత్తీర్ణులు కాలేదు. మార్కుల జాబితాలలో పొరపాట్లు దొర్లినవని తల్లిదండ్రులు మొరపెట్టుకొనిరి. ఆ తరువాతి దినములలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్యతో మరణించిరని వార్తలు వచ్చినవి. టెలివిజన్ తెరలమీద, పత్రికల పుటలమీద దినదినము సంఖ్య పెంచి చూపబడెను. పిల్లల చిత్రములు, వారి మార్కులు, ఇంటివారి రోదనము మరల మరల ప్రసారమయ్యెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పత్రికలు పొరపాట్లను బయటపెట్టకున్నచో విద్యార్థులకు న్యాయము జరిగియుండునా? జరిగియుండదు. పత్రికల ఒత్తిడియు, తల్లిదండ్రుల ఆందోళనయు కలిసినందుననే ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘమును నియమించెను. ఉత్తీర్ణులు కానివారందరి జవాబు పత్రములను రుసుము లేకుండ పునఃపరిశీలన చేయించెను. అందు వెయ్యిమందికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులైరి. కావున తప్పును ప్రశ్నించుట పత్రికల విధి. దానిని మానుమని ఎవ్వరును చెప్పరాదు.

కాని తప్పును ప్రశ్నించుట వేరు. పిల్లల మరణమును ఆ ప్రశ్నకు బలముగ వాడుట వేరు. తప్పిన పిల్లవానికి ఆ వారమున తెలియవలసిన సంగతులు మూడు: జవాబు పత్రము మరల చూతురు, కొద్ది వారములలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష కలదు, సంవత్సరము వృథా కాదు, మనసు బరువెక్కినచో మాటాడుటకు మనుష్యులు కలరు. ఈ మూడును మొదటి పుటలో పెద్ద అక్షరములతో ఉండవలసినవి. మరణముల సంఖ్య ఆ స్థానము నాక్రమించినప్పుడు, పాఠకుడైన బాలునికి దారి కనబడదు.

రెండు వార్తలు

ఈ క్రింది రెండు వార్తలు పాఠము నిమిత్తము కల్పించినవి. పోల్చి చూడుడు.

మొదటిది: “ఇంటరు తప్పినదని విద్యార్థి బలవన్మరణము. మార్కులు తక్కువ వచ్చినవని తండ్రి మందలించగా తీవ్ర మనస్తాపము చెందిన బాలుడు జీవితముపై విరక్తితో తనువు చాలించెను.” దీని తరువాత చోటు, సమయము, పద్ధతి. ప్రక్కన బాలుని చిత్రము, చివరి ఉత్తరము.

రెండవది: “మండలములోని ఒక గ్రామమున పదునేడేండ్ల విద్యార్థి మరణించెను. ఆత్మహత్యగ పోలీసులు నమోదు చేసిరి. ఇట్టి మరణములకు కారణము ఒక్కటిగ ఉండదని మానసిక వైద్యులు చెప్పుచున్నారు. ఉత్తీర్ణులు కాని విద్యార్థులు పునఃపరిశీలనకు దరఖాస్తు చేసికొనవచ్చును. సప్లిమెంటరీ పరీక్షకు రుసుము చెల్లించు గడువు ఇంకను కలదు. మనస్సు కలతచెందినవారు 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును.”

మొదటి వార్త రెండవదానికంటె ఎక్కువ సత్యము చెప్పలేదు. రెండవ వార్త దేనిని దాచలేదు. అయినను మొదటిదానిని చదివిన బాలునికి గోడ కనబడును. రెండవదానిని చదివిన బాలునికి తలుపు కనబడును.

చట్టము, నియమములు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29నుండి అమలులోనికి వచ్చినది. దాని 115వ సెక్షను ప్రకారము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నాడని భావింపవలెను. అతనిని విచారించి శిక్షింపరాదు. అతనికి చికిత్స, సంరక్షణ కల్పించుట ప్రభుత్వ విధి. ఆత్మహత్యాయత్నమును నేరముగ చూచిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షను, 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొనసాగింపబడలేదు. కావున బ్రదికినవానిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు కేసు భయముతో వెనుకాడరాదు.

అదే చట్టము 24వ సెక్షను ప్రకారము, మానసిక చికిత్స పొందుచున్నవారి చిత్రములను, వివరములను వారి అంగీకారము లేక పత్రికలకు ఇయ్యరాదు. భారత ప్రెస్ కౌన్సిలు 2019 సెప్టెంబరు 13న పత్రికలకు ఆరు నిషేధములు సూచించినది: ఇట్టి వార్తలను ప్రముఖ స్థానమున ప్రచురించుట, అనవసరముగ పునరావృతము చేయుట కూడదు, ఉద్రేకము కలిగించు భాష, లేదా ఆత్మహత్యను సమస్యకు పరిష్కారముగ చూపు భాష కూడదు, పద్ధతిని వర్ణింపరాదు, స్థల వివరము లియ్యరాదు, సంచలన శీర్షికలు కూడదు, ఛాయాచిత్రములు, దృశ్యములు వాడరాదు.

ప్రెస్ కౌన్సిలు హెచ్చరింపగలదు, మందలింపగలదు, శిక్ష విధింపజాలదు. అందుచేత ఈ నియమములకు నిజమైన బలము పాఠకులనుండియే రావలెను. పత్రికలో తప్పుగ వ్రాసిన వార్త కనబడినచో మొదట సంపాదకునికి మర్యాదగ ఉత్తరము వ్రాయుడు. ప్రయోజనము లేకున్నచో కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చును.

గ్రామస్థుల ధర్మము

పూర్వము వార్త వ్రాయువారు పట్టణమున నుండెడివారు. ఇప్పుడు చేతిలో ఫోను గల ప్రతివాడును వార్తాహరుడే. ఊరిలో దుర్ఘటన జరిగిన గడియలో దాని చిత్రము పది వాట్సాప్ బృందములకు చేరుచున్నది. సంపాదకుని నియమములు అచ్చట లేవు. కావున ఈ క్రింది విషయములను ప్రతి గ్రామస్థుడును పాటింపవలెను.

1. మరణించినవారి చిత్రమును, చివరి ఉత్తరమును, చివరి మాటల దృశ్యమును ఎవ్వరికిని పంపరాదు. మీకు వచ్చినచో అచ్చటనే ఆపివేయుడు. పంపినవారికి ఎందుకు పంపరాదో నెమ్మదిగ చెప్పుడు.

2. గ్రామ విలేకరి మన ఊరివాడే. అతనిని పిలిచి, పద్ధతియు, కారణమును వ్రాయక 14416 సంఖ్యను వ్రాయుమని కోరుడు. పత్రిక యాజమాన్యము మాటకంటె తన ఊరి పెద్దల మాట అతనిమీద ఒక్కొక్కప్పుడు ఎక్కువ పనిచేయును.

3. టీకొట్టు వద్ద పత్రిక చదువునప్పుడు “పిరికివాడు” అని గాని, “బాధలు తప్పినవి” అని గాని అనరాదు. మొదటి మాట బాధపడుచున్నవాని నోరు మూయును. రెండవ మాట అతనికి దారి తప్పించును.

4. ఎవరైన భోజనము, నిద్ర మానినను, నలుగురిలో కలియకున్నను, “నేను లేకున్న మీకు సుఖము” వంటి మాటలు పలికినను, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచివేయుచున్నను ఉపేక్షింపరాదు. ప్రక్కన కూర్చుండి, చావవలెనని అనిపించుచున్నదా అని నేరుగ అడుగుడు. అడిగినందున లేని తలంపు పుట్టదు. అడిగినవాడు దొరికినందుకు మనసు తేలికపడును.

5. అట్టివానిని ఒంటరిగ విడువరాదు. పురుగుమందులు, ఇతర ప్రమాదకర వస్తువులు ఇంటిలో అందుబాటున లేకుండ తాళము వేసి, తాళపుచెవి మరియొకరి వద్ద నుంచుడు. దుర్బల క్షణము దాటిపోయినచో అనేకులు జీవితాంతము మరల ఆ తలంపు తలచరు. ఆశా కార్యకర్తకు తెలియజేయుడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెంటబెట్టుకొని పొండు. 14416కు మీరే ఫోను కలిపి అతని చేతికి ఇయ్యుడు.

6. ఒక ఇంటిలో ఇట్టి మరణము సంభవించినచో ఆ ఇంటిని వెలివేసినట్లు చూడరాదు. కారణము లడిగి వేధింపరాదు. ఆ ఇంటివారికే ఇప్పుడు ఇరుగుపొరుగు అవసరము ఎక్కువ.

7. కష్టము దాటి నిలబడినవారు ప్రతి ఊరిలోను కలరు. పంట పోయి, అప్పు పెరిగి, ఒక రాత్రి చావవలెనని తలచి, ఎవరో పలుకరించినందున ఆగి, నేడు పిల్లల పెండ్లిండ్లు చేసినవారు ఉందురు. వారు అంగీకరించినచో వారి కథ నలుగురిలో చెప్పింపుడు. అదియే మన ఊరి పాపగెనో కథ.

ముగింపు

మరల ఆ టీకొట్టు బల్లవద్దకు వత్తము. వార్త చదివినవాడు పత్రిక మడచి ప్రక్కనబెట్టి, బల్ల చివరివాని వైపు తిరిగి, “ఏమన్నా, నాలుగు దినములుగా చూచుచున్నాను, మొగము వాడిపోయినది. పద, అట్లు నడచివత్తము” అని ఒక్కమాట అనగలడు. సికిందరాబాదులో ఫోను నెత్తు సేవకుడు చేయునదియు ఇంతకంటె మిక్కిలి వేరు కాదు. వ్రాయువారు వార్తలో ఒక తలుపు ఉంచవలెను. చదువువారు ఆ తలుపువరకు తోడు నడువవలెను.

పఠన మందిరమున చర్చింపదగిన ప్రశ్నలు

1. గత మాసములో మన జిల్లా పుటలో వచ్చిన ఇట్టి వార్తలను తీసికొని, ప్రెస్ కౌన్సిలు చెప్పిన ఆరు నిషేధములలో ఎన్ని ఉల్లంఘింపబడినవో గుర్తింపుడు.

2. వానిలో ఒక వార్తను మీ మాటలలో మరల వ్రాయుడు. విషయము దాచక, తలుపు చూపవలెను.

3. వియన్నాలో సంపాదకులు చేసిన పనిని మన గ్రామమందలి వాట్సాప్ బృందములలో ఎట్లు చేయవచ్చును?

4. పరీక్షా ఫలితములు వెలువడు వారమున మన పాఠశాల, పంచాయతి, ఆశా కార్యకర్తలు కలిసి ఏమి చేయవలెను? ఎవరు ఏ పని చేయుదురో పేర్లతో వ్రాసికొనుడు.